పేరు ఏ ఊరిలో ఉన్నది?

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల రేడియోవారికి ఒక విధి తప్పదు. "యువతీయువకులారా, వోటు మీ హక్కు, దానిని వినియోగించుకొనుడు" అను ప్రకటనలు, ఆ విషయముపై నాటికలు, పాటలు, పెద్దల ప్రసంగములు వరుసగా వినిపింతుము. అవి అవసరములే. కాని అవి శ్రోతల చెవిని చేరునాటికి యువజనులలో పెక్కుమంది విషయములో కథ ముగిసిపోయి యుండును. పోలింగునాడు వారు రాలేదని మనము నొచ్చుకొందుము. నిజమునకు వారి వోటు పోయినది ఆనాడు కాదు. అంతకు కొన్ని నెలల ముందు, వోటర్ల జాబితా సిద్ధమైననాడు. యువజనుల వోటింగును పెంచవలెనని పాటుపడు యువ కార్యకర్తలు నేడు మన పట్టణములలో అక్కడక్కడ కనిపించుచున్నారు. వారిలో పనిని ఎరిగినవారు ఉపన్యాసములతో కాక, జాబితాతో మొదలుపెట్టుచున్నారు. అట్లు ఏల చేయుచున్నారో కొంత వివరింపదలచితిమి.

చట్టము చెప్పునది స్పష్టము. ఒక నియోజకవర్గపు జాబితాలో పేరు లేనివారికి ఆ నియోజకవర్గములో వోటు వేయు అర్హత లేదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 62వ సెక్షను నిర్దేశించుచున్నది. చేతిలో వోటరు గుర్తింపు కార్డు ఉన్నను, జాబితాలో పేరు లేనిచో పోలింగు అధికారి చేయగలిగినది ఏమియు లేదు. పోలింగు కేంద్రము వాకిట కార్డు చూపి వాదించువారిని ప్రతి ఎన్నికలోను చూచుచునే ఉన్నాము. వారి కోపము సహజమే. కాని కార్డు ఆ మనిషి ఎవరో చెప్పును. ఆ మనిషికి అచ్చట వోటు ఉన్నదో లేదో చెప్పునది జాబితా. ఈ భేదమును పదునెనిమిదేండ్ల పిల్లలకు ముందుగా తెలుపువారు తక్కువ.

ఇది నేటి చిక్కు కాదు. మన దేశములో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగినవి. 17 కోట్ల 30 లక్షలకు పైగా వోటర్లు. అప్పటికి జాబితా అనునదే క్రొత్త. ఇంటింటికి తిరిగి పేర్లు వ్రాసికొనువారికి ఉత్తరభారతములోని పెక్కు ప్రాంతములందు ఒక విచిత్రమైన అడ్డంకి ఎదురయ్యెను. స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానావాని భార్యను", "ఫలానావాని తల్లిని" అని మాత్రమే చెప్పిరి. అట్లే వ్రాసికొనిన పేర్లను అంగీకరించుటకు మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఒప్పుకొనలేదు. సొంతపేరు చెప్పుటకు మరికొంత గడువు ఇచ్చిరి. అయినను దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తొలగింపవలసి వచ్చెను. ఆ స్త్రీలు వోటు వద్దనలేదు. వారు పోలింగు కేంద్రమును చేరకమునుపే, ఒక కాగితముపై, ఒక గడిలో వారి వోటు పోయినది.

ఆ ఎన్నికలకు ముందు ఆలిండియా రేడియో రాజ్యాంగమును గూర్చియు, వయోజన వోటుహక్కును గూర్చియు, వోటర్ల జాబితాల తయారీని గూర్చియు, వోటు వేయు పద్ధతిని గూర్చియు అనేక కార్యక్రమములు ప్రసారము చేసెను. ఈ నాలుగింటిలో మూడవదానిని మనము క్రమముగా మరచితిమేమో అనిపించును. జాబితాను గూర్చి నాటిక వ్రాయుట కష్టమే మరి!

మొదట రాజ్యాంగము 326వ అధికరణములో వోటు వయస్సును 21 ఏండ్లుగా నిర్ణయించిరి. 1988 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 61వ రాజ్యాంగ సవరణ దానిని 18కి తగ్గించెను. ఆ సవరణ 1989 మార్చి 28న అమలులోనికి వచ్చెను; ఆ సంవత్సరము నవంబరులోనే క్రొత్త వోటర్లు లోక్‌సభ ఎన్నికలలో పాల్గొనిరి. వయస్సు తగ్గించుట ఒక్క కలముతో జరిగినది. పేరు చేర్చుట మాత్రము ఇప్పటికిని ఒక్కొక్క గడపవద్ద జరుగవలసియే ఉన్నది. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు దేశమున మొత్తము వోటర్లు దాదాపు 96 కోట్ల 88 లక్షలు. వారిలో 18, 19 ఏండ్ల వయస్సువారు 1 కోటి 84 లక్షలు. ఈ సంఖ్య పెద్దదిగానే కనిపించును. కాని దేశ జనాభా అంచనాలలో ఆ వయస్సువారు ఎందరో చూచి దీనితో పోల్చినచో ఇది సగము కూడ కాదు. తక్కినవారు వోటు వేయుదురా, వేయరా అను ప్రశ్నకే తావు లేదు. వారు జాబితాలోనే లేరు.

ఇచ్చట శాతములను గూర్చి ఒక మాట చెప్పవలెను. పోలైన వోట్లను జాబితాలోని పేర్లతో భాగించి మనము వోటింగు శాతము చెప్పుకొందుము. జాబితాలో లేనివారు ఆ లెక్కలో ఎచ్చటను కనిపింపరు. వోటు వేసినవారు హాజరు, వేయనివారు గైర్హాజరు; పేరే లేనివారు గైర్హాజరు కూడ కారు. దీనికి తలక్రిందులైన సంగతి ఒకటి ఉన్నది. ఊరు విడిచిపోయినవారి పేర్లు, రెండుచోట్ల ఉన్నవారి పేర్లు, గతించినవారి పేర్లు జాబితాలో మిగిలిపోయినచో, ఎవరును తప్పు చేయకున్నను శాతము పడిపోవును. కావున ఒక నగరములో శాతము తగ్గినదనగానే అచ్చటి యువకులు సోమరులని తీర్పు చెప్పుట తొందరపాటు. పైగా మన దేశములో వోటింగు శాతమును స్త్రీలకు, పురుషులకు వేరుగా ప్రకటించుటయే పరిపాటి; వయస్సును బట్టి ప్రకటించు ఆనవాయితీ లేదు.

మన తెలుగునాట 2024 మే 13 నాటి పోలింగును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆనాడు ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు, తెలంగాణలో లోక్‌సభకు ఒకే దినమున పోలింగు జరిగెను. దానికి ముందు రెండు మూడు దినములు హైదరాబాదు బస్సు స్టేషన్లలో నిలువ చోటు లేదు. విజయవాడ రహదారిపై చౌటుప్పలు దగ్గరి పంతంగి టోల్‌గేటువద్ద సంక్రాంతి నాటివలె వాహనములు బారులు తీరెను. ఆంధ్రప్రదేశ్‌లో 81 శాతమునకు పైగా వోట్లు పోలైనవి. హైదరాబాదు లోక్‌సభ నియోజకవర్గములో 48 శాతము చిల్లర. నగరమును ఆనుకొనియున్న భువనగిరి నియోజకవర్గములో 76 శాతమునకు పైగా. ఈ అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు, "నగరవాసికి పట్టదు, పల్లెవాసికి పట్టును" అనుట సులభము. కాని ఆ బస్సులలో వెళ్లినది ఎవరు? నగరమున ఉద్యోగము చేయు, నగరమున చదువుకొను యువజనులే పెక్కుమంది. రాత్రంతయు కూర్చుండి ప్రయాణము చేసి, ఎండలో వరుసలో నిలిచి, వోటు వేసి, మరల రాత్రి బస్సు ఎక్కి వచ్చినవారిని ఉదాసీనులనుట ఎట్లు? వారు ఉండునది ఒక ఊరు, పేరు ఉన్నది మరియొక ఊరు. బస్సు ఛార్జీ, సెలవు, ఓపిక మూడును కుదిరినవారు వెళ్లిరి. ఒక్కటి కుదరనివారు ఆగిపోయిరి.

యువజనుల కార్యక్రమములో మాట్లాడుటకు ఇటీవల మా స్టూడియోకు ఒక యువతి వచ్చెను. నల్లగొండ ప్రాంతమునుండి వచ్చి హైదరాబాదులో డిగ్రీ చదువుచున్నది. దిల్‌సుఖ్‌నగర్ వైపు హాస్టలులో నివాసము. సెలవుదినములలో ఇద్దరు ముగ్గురు స్నేహితులతో హాస్టళ్లు తిరిగి వోటర్ల నమోదు పని చేయుచున్నది. ఏ పార్టీకిని సంబంధము లేదు. ఆమె చేతిలో గీతలు గీసిన ఒక పొడుగాటి నోటుపుస్తకము. అందు నాలుగు గడులు: పేరు, పుట్టిన తేదీ, వోటు ఏ ఊరిలో, ఏ ఫారము. ప్రజాస్వామ్యమును గూర్చి ఒక పెద్ద ప్రశ్న సిద్ధము చేసికొని కూర్చున్న మాకు ఆ పుస్తకమే ఎక్కువ ఆసక్తి కలిగించెను.

"వోటు వేస్తవా అని అడిగితే అందరూ వేస్తమనే అంటరు సార్. నీ పేరు ఏ ఊర్ల ఉన్నది అని అడిగితేనే అసలు సంగతి బయటపడ్తది" అని ఆమె చెప్పెను.

బయటపడు సంగతులు మూడు నాలుగు రకములు. కొందరికి ఎచ్చటను పేరు లేదు. ఇంటర్మీడియట్ ముగియగానే ఊరు విడిచిరి, ఊరిలో చేర్చువారు లేరు, ఇచ్చట అడిగినవారు లేరు. కొందరి పేరు ఊరిలో ఉన్నది, వారు వెళ్లలేరు. కొందరికి రెండుచోట్ల ఉన్నది. అది తప్పని తెలియదు. వివాహమైన బాలికలు కొందరు చదువు కొనసాగించుచు ఉన్నారు. వారి పేరు పుట్టింట, కాపురము మెట్టినింట, చదువు నగరములో. మూడు ఊళ్ల మధ్య ఆమె వోటు ఏ ఊరిదో ఇంటిల్లిపాదికి సందేహమే. 1952లో పేరు చెప్పని ఆ స్త్రీల మనుమరాండ్రు నేడు పేరు ధైర్యముగా చెప్పుదురు. ఊరు చెప్పవలసివచ్చినప్పుడు తడబడుదురు.

నివాసము విషయములో చట్టము మనము భయపడునంత కఠినమైనది కాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 19వ సెక్షను ప్రకారము అర్హత తేదీనాటికి 18 ఏండ్లు నిండి, ఆ నియోజకవర్గములో "సాధారణముగా నివసించుచున్న" ప్రతి పౌరుడును వోటరు కాదగును. ఇల్లు ఉన్నంతమాత్రమున అచ్చట నివాసి యగుట లేదనియు, తాత్కాలికముగా ఊరు విడిచినంతమాత్రమున నివాసము పోవుట లేదనియు 20వ సెక్షను చెప్పుచున్నది. ఒకరి పేరు ఒకేచోట ఉండవలెను. రెండు నియోజకవర్గములలోగాని, ఒకే నియోజకవర్గములో రెండు మారులుగాని ఉండరాదు. దరఖాస్తులో తెలిసి అబద్ధపు ప్రకటన చేసినచో ఏడాది వరకు జైలుశిక్ష విధింపవచ్చును.

విద్యార్థుల విషయములో ఎన్నికల కమిషను మరింత స్పష్టముగా దారి చూపినది. చదువుకొరకు హాస్టలులోగాని, మెస్సులోగాని, మరియెచ్చటనైనగాని ఉండు విద్యార్థి తన స్వస్థలమున తల్లిదండ్రులతోపాటు వోటరు కావచ్చును, లేక చదువుచున్నచోటనే కావచ్చును. ఎన్నుకొనుట అతని ఇష్టము. చదువుచున్నచోట కావలెనన్నచో చదువు గుర్తింపు పొందినదై, కనీసము ఏడాది కాలముదై ఉండవలెను. కళాశాల ప్రిన్సిపాలు లేక రిజిస్ట్రారువంటి అధికారి ఇచ్చిన బోనఫైడు పత్రమును ఫారము 6తో జతపరుపవలెను. అంతియే. కోచింగు కేంద్రములలో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగువారికి ఈ బోనఫైడు దారి వర్తింపదు. వారు సాధారణ నివాసులుగా, నివాసమునకు తగిన వేరొక ఆధారము చూపి చేరవలెను. అద్దె కాగితము లేని ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి ఉండు ఆ యువకులకు ఇది కష్టమే. కాని అసాధ్యము కాదు. పేవ్‌మెంటుపై నిద్రించు ఇల్లులేనివారి విషయములో ఏమి చేయుదురో చూడుడు: దరఖాస్తులో చూపిన చోటికి బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి, ఆ మనిషి నిజముగా అచ్చట పరుండుచున్నాడో లేదో చూచును. నిజమైనచో నివాసమునకు కాగితము అడుగరు. కటిక నేలపై పడుకొనువానికి దారి చూపిన నియమము కోచింగు విద్యార్థికి దారి లేకుండ చేయదు. దారి ఉన్నదని తెలియకపోవుటయే లోపము.

ఈ హాస్టలు ప్రశ్న మనకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. అమెరికాలో వోటు వయస్సు 21 నుండి 18కి తగ్గినది 1971 జూలై 1న, 26వ రాజ్యాంగ సవరణ ఆమోదము పొందినప్పుడు. టెక్సాస్ రాష్ట్రములో హూస్టన్ నగరమునకు వాయవ్యమున వాలర్ అను కౌంటీ ఉన్నది. అచ్చట ప్రెయిరీ వ్యూ అను విశ్వవిద్యాలయము నల్లజాతి విద్యార్థుల చదువునకై 1876లో ఏర్పడినది. సవరణ రాగానే ఆ విద్యార్థులు వోటర్లుగా చేరబోయిరి. నమోదు అధికారి వారి చేతికి ఒక ప్రశ్నల పత్రము ఇచ్చెను. ఈ కౌంటీలో నీకు ఇల్లుగాని ఆస్తిగాని ఉన్నదా? చదువు ముగిసిన పిమ్మట ఏమి చేయుదువు? ఇచ్చట ఉద్యోగమున్నదా? ఇచ్చటి చర్చిలోగాని, క్లబ్బులోగాని సభ్యుడవా? సెలవులలో ఎచ్చట ఉందువు? ఇట్టి ప్రశ్నలకు ఏ విద్యార్థి సంతృప్తికరముగా సమాధానము చెప్పగలడు? విషయము న్యాయస్థానములకు ఎక్కెను. కొన్నియేండ్ల వ్యాజ్యము పిమ్మట 1979 జనవరిలో ఆ దేశపు సుప్రీముకోర్టు విద్యార్థుల పక్షమున క్రింది కోర్టు ఇచ్చిన తీర్పును స్థిరపరచెను. విద్యార్థియని వేరుగా చూచి, ఇతరులను అడుగని ప్రశ్నలు అడుగరాదని తేలెను.

అంతటితో ఆగలేదు. 2003 చివర ఆ కౌంటీలోని ప్రభుత్వ న్యాయవాది, విద్యార్థులకు అచ్చట వోటు ఉండుట నిశ్చయము కాదని, అక్రమముగా వోటు వేసినవారిపై కేసులు పెట్టుదుమని లేఖ వ్రాసెను. 2004 జనవరిలో విద్యార్థులు పెద్ద ఊరేగింపుగా కౌంటీ కేంద్రమునకు నడిచిరి. 2008లో, ముందస్తుగా వోటు వేయు కేంద్రము తమ ఊరిలో లేకపోగా, దాదాపు ఏడు మైళ్లు నడిచివెళ్లి వోటు వేసిరి. యువజనులకు వోటుపై శ్రద్ధలేదను వాదమునకు ఆ ఏడు మైళ్లు ఒక జవాబు. మనవైపు విద్యార్థికి నియమము ముందే అనుకూలముగా ఉన్నది. అతనిని అడ్డగించు ప్రశ్నల పత్రము లేదు. కాని నియమము ఉన్నదని అతనికి చెప్పువారు లేనిచో ఉన్నను లేనట్లే.

మరి మన యువ కార్యకర్తకు ఎదురగు అడ్డంకులు ఏవి? ఆ యువతి చెప్పినదానిలో మాకు క్రొత్తగా తోచినది ఇంటివారి భయము. హాస్టలు చిరునామాకు పేరు మార్పించుకొనుటకు సిద్ధపడిన ఒక బాలిక తండ్రికి ఫోను చేయగా, ఆయన "బిడ్డా, వోటు తీసేస్తే రేషన్ కార్డుల పేరు కూడ పోతదేమో, రేపు భూమి కాడ మాటొస్తదేమో, ఎందుకొచ్చిన బాధ" అనెనట. ఆ తండ్రిని తప్పుపట్టలేము. ఊరిలో పేరు ఉండుటయే ఊరిలో స్థానము ఉండుట అను భావన తరతరాలది. కాని వోటర్ల జాబితా వేరు, రేషన్ కార్డు వేరు, పట్టాదారు పాసుపుస్తకము వేరు. వోటు నగరమునకు మారినంతమాత్రమున కూతురి వాటా మారదు. ఈ ఒక్క మాట చెప్పుటకు ఆ యువతి ఊళ్లలోని తండ్రులతో ఫోనులో ఎన్నిమారులు మాట్లాడినదో! మరియొక వైపు ఊరిలో పంచాయతీ ఎన్నిక ఉండును. సర్పంచి గెలుపోటములు కొద్ది వోట్లతో తేలుచోట, పట్నములో ఉన్న పిల్లల పేరు ఊరి జాబితానుండి పోవుట ఏ వర్గమునకును ఇష్టముండదు. అది కూడ న్యాయమైన కోరికయే కావచ్చును. పంచాయతీపై మమకారమున్న విద్యార్థి ఊరిలోనే పేరు ఉంచుకొనవచ్చును. అట్టివారికి ఆ యువతి ఫారము ఇవ్వదు, పోలింగునాటికి ప్రయాణము ముందుగా ఏర్పాటు చేసికొమ్మని చెప్పును. రెండింటిలో ఏది మేలని ఆమె చెప్పదు. ఇది మాకు నచ్చినది.

ఎవరికి వోటు వేయవలెనను ప్రశ్నకు కూడ ఆమె సమాధానము చెప్పదు. "అందరూ ఒక్కటే, ఎవరికి వెయ్యాలె?" అనువారు హాస్టలుకు ఇద్దరైన ఉందురు. వారితో వాదమునకు దిగినచో ఆ రాత్రి ఒక్క ఫారము కూడ నింపలేము. 2013లో సుప్రీముకోర్టు తీర్పు వలన వోటు యంత్రముపై "పై వారెవరూ కాదు" అను మీట చేరినదనియు, ఎవరును నచ్చలేదని తెలుపుటకైనను మొదట జాబితాలో పేరు ఉండవలెననియు చెప్పి ఆమె ముందుకు సాగును. ఉదాసీనులు లేరని మేము చెప్పము. ఉన్నారు. కాని ఉదాసీనత అని మనము అనుకొనుచున్నదానిలో ఎంత భాగము ఫారము లేకపోవుటయో తెలిసికొనక ఆ మాట వాడుట మంచిది కాదు.

ఫారము సరి, పోలింగునాడు కదలించుట ఎట్లు? దీనికి ఒక ప్రసిద్ధమైన ప్రయోగము కలదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అలాన్ గెర్బర్, డోనాల్డ్ గ్రీన్ 1998లో న్యూ హేవెన్ నగరమున దాదాపు ముప్పదివేల మంది నమోదైన వోటర్లను ఎన్నుకొని, కొందరి ఇంటికి మనిషిని పంపిరి, కొందరికి ఉత్తరములు వ్రాసిరి, కొందరికి ఫోను చేయించిరి, కొందరిని విడిచిపెట్టిరి. ఎన్నిక ముగిసిన పిమ్మట రికార్డులు తీసి చూడగా, ఇంటికి వచ్చిన మనిషితో ముఖాముఖి మాట్లాడినవారిలో వోటు వేసినవారు దాదాపు తొమ్మిది శాతము అధికముగా తేలిరి. ఉత్తరముల ఫలితము స్వల్పము. డబ్బిచ్చి చేయించిన ఫోనులవలన ప్రయోజనమే కనిపింపలేదు. మైకుముందు కూర్చుండి మాట్లాడువారము ఈ సంగతి చెప్పుకొనుట కొంచెము ఇబ్బందే గాని, చెప్పవలసినదే. ఆ ఆచార్యులే మరునాటి సంవత్సరపు ఎన్నికను కూడ పరిశీలింపగా, ఒకమారు అట్లు వోటు వేసినవారు తరువాతి ఎన్నికలోను వోటు వేయుట అధికమని తేలినది. వోటు అలవాటుతో వచ్చునది. కావున పద్దెనిమిదవ ఏట పోయిన మొదటి వోటు, ఆ ఒక్క ఎన్నికతో పోవునది కాదు.

ఈ విషయములో కాలగణన కూడ తెలిసియుండవలెను. 2022 వరకు అర్హత తేదీ ఏడాదికి ఒక్కటే, జనవరి 1. జనవరి 2న పుట్టినవాడు ఒక్క దినము తేడాతో దాదాపు ఒక సంవత్సరము ఆగవలసి వచ్చెడిది. 2021లో చేసిన చట్ట సవరణ 2022 ఆగస్టు 1 నుండి అమలై, ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు అర్హత తేదీలు ఉన్నవి. 17 ఏండ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు ఇచ్చి ఉంచవచ్చును. వయస్సు నిండిన త్రైమాసికములో పేరు చేరును. కాని ఒక గడువు మాత్రము కదలదు. నామినేషన్ల చివరి తేదీ దాటిన పిమ్మట ఆ ఎన్నికకు పేరు చేర్చుటకు 1950 నాటి చట్టము 23వ సెక్షను ఒప్పుకొనదు. దరఖాస్తు అందిన పిమ్మట విచారణకు, అభ్యంతరములకు పట్టు దినములను కూడ లెక్కించినచో, అంతకు చాల ముందే ఫారము అందవలెను. వోటు వేయుడని మనము రేడియోలో గట్టిగా పిలుచు దినములు సరిగా ఈ గడువు దాటిన దినములే!

ఒకమారు చేరిన పేరు శాశ్వతమని కూడ అనుకొనరాదు. 2025లో బిహారు రాష్ట్రమున జాబితాను ప్రత్యేకముగా సవరించినప్పుడు, ఆగస్టు 1 నాటి ముసాయిదాలో అంతకుముందున్న 7 కోట్ల 89 లక్షల పేర్లకు బదులు 7 కోట్ల 24 లక్షలు మాత్రమే మిగిలెను. మరణించినవారు, రెండుచోట్ల ఉన్నవారు, శాశ్వతముగా తరలిపోయినవారు అని కారణములు చూపిరి. సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో ఆ సంఖ్య 7 కోట్ల 42 లక్షలకు చేరెను. ఆ సవరణను గూర్చి జరిగిన వాదోపవాదములను ఇచ్చట విచారింపబోము. "తరలిపోయినవారు" అను మాటను మాత్రము గమనింపవలెను. పొట్టకూటికై, చదువుకై ఊరు విడుచువారిలో యువజనులే ఎక్కువ. ఉన్నచోటినుండియే సొంత నియోజకవర్గమునకు వోటు వేయుటకు వీలగు యంత్రమొకటి 2023 జనవరిలో ఎన్నికల కమిషను రాజకీయ పక్షములకు ప్రదర్శింప ఏర్పాటు చేసినది గాని, అది అమలునకు రాలేదు. కావున ఊరు మారినవారు పేరు మార్పించుకొనుటయో, లేక బస్సు ఎక్కుటయో తప్పదు.

చేయవలసిన పని ఇంటింటను ఉన్నవారే చేయదగినది. క్రొత్తగా పేరు చేరవలెనన్నచో ఫారము 6. ఒకచోటినుండి మరియొకచోటికి మార్పునకు, తప్పులు దిద్దుటకు ఫారము 8. వీటిని ఎన్నికల కమిషను వెబ్‌సైటు ద్వారా, ఫోనులోని యాప్ ద్వారా పంపవచ్చును. లేక ఆ పోలింగు కేంద్రపు బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చును. పేరు ఉన్నదో లేదో సందేహమున్నచో 1950 అను నెంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. బూత్ స్థాయి అధికారి పెద్ద హోదా కలవాడని జంకవలదు. ఊళ్లలోను, వాడలలోను పెక్కుచోట్ల అంగన్‌వాడీ టీచరుగాని, పాఠశాల ఉపాధ్యాయుడుగాని ఆ పని చేయుచుందురు. ఆ యువతి తన ప్రాంతపు అంగన్‌వాడీ టీచరును "టీచరమ్మా" అని పిలుచును. మొదట విసుగుకొనిన ఆమె ఇప్పుడు "ఈ ఆదివారం ఎన్ని తెచ్చినవ్ బిడ్డా?" అని తానే అడుగుచున్నదట.

ఈ నడుమ ఆ యువతి జూనియర్ కళాశాలలకు కూడ వెళ్లుచున్నది. అచ్చటి పిల్లలకు 17 ఏండ్లు; నోటుపుస్తకములో పుట్టిన తేదీ గడిని ఇప్పుడు నాలుగుగా విభజించి, అర్హత తేదీకి ఒక గడి చొప్పున పేర్లు వ్రాయుచున్నది. ఒక కళాశాలలో చివరి బెంచీనుండి ఒక బాలుడు లేచి, "అక్కా, నేను ఇప్పుడు ఇక్కడ రాయించుకుంటా. రెండేళ్లకు వరంగల్ పోతా ఇంజనీరింగుకు. అప్పుడో?" అని అడిగెనట. అప్పుడు ఫారము 8 నింపి పేరును వరంగల్లుకు మార్పించుకొనవలెను. చదువు ముగిసి ఊరు చేరిన పిమ్మట మరల అదే ఫారము. ఆమె ఆ బాలునికి అదియే చెప్పి, అతని పేరుకు ఎదురుగా "వరంగల్" అని పెన్సిలుతో వ్రాసికొన్నది.